పొద్దు పొడిచాకే తోటకి: ఉద్దానంలో ఒక ఎలుగుబంటి కేసు

ఊరి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు, ఏ ఏడాది జరిగిందీ కూడా వదిలేశాను. గుర్తు పట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపలున్న ఊరు అనుకుంటే చాలు. వన్యప్రాణుల రక్షణ గురించి ఊళ్లు తిరిగి చెప్పే చిన్న బృందంలో పనిచేస్తాను. మేం పనిచేసిన ఊళ్లలో నా అంచనా మొదటి నుంచీ తప్పుతూ వచ్చింది ఈ ఊళ్లోనే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అదే తప్పుతో మొదలుపెట్టకూడదని రాస్తున్నాను.

ఊరు, మెట్టలు, ఎలుగులు

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక నేలల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి ఒకదాన్నొకటి ఒరుసుకుని పెరుగుతాయి. పడమట మహేంద్రగిరి వైపు తూర్పు కనుమలు. కనుమలకీ ఈ తోటలకీ మధ్య హౌరా–చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి. ఆ రెండూ దాటి సముద్రం వైపు వస్తే తోటల నడుమ అక్కడక్కడా రాతి మెట్టలు కనిపిస్తాయి. ఎలుగులు పగలు ఆ మెట్టల గుహల్లోనో, మొగలి పొదల్లోనో పడుకుంటాయి, చీకటి పడ్డాక తోటల్లోకి దిగుతాయి. వెనక్కి కనుమల్లోకి పోదామన్నా రోడ్డూ పట్టాలూ అడ్డం. కొన్ని మెట్టల్ని గ్రానైట్ కోసం తొలిచేస్తున్నారు. ‘అడవి వదిలి ఊరి మీద పడుతున్నాయి’ అని వినబడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అవి ఉన్నచోటే ఉన్నాయి, చుట్టూ మనమే వచ్చాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఈ ఊళ్లో చాలా తోటలు బాగుచేసే స్తోమత లేక ఏళ్లపాటు అలాగే ఉండిపోయాయి. పడిన మానులకు చెద పట్టింది, మధ్యలో తుప్పలు లేచాయి. ఎలుగుకి తిండీ చాటూ రెండూ ఒకేచోట దొరికాయి. దాంతో మనిషికీ దానికీ ఎదురుపడే చోట్లు పెరిగాయి.

ఈ జంతువు గురించి కొంత చెప్పాలి, తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దాని నడత మీదే ఆధారపడ్డాయి కనుక. మన ఎలుగు భారత్, శ్రీలంక, నేపాల్ దేశాలు దాటితే దాదాపు ఎక్కడా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పులితో పాటు ఉంది. చెదలు, చీమలు, తేనె, పళ్లు దాని తిండి. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి, పెదాలు గొట్టంలా చాపి, ముక్కు రంధ్రాలు మూసుకుని పుట్టలోని చెదల్ని పీలుస్తుంది. తోటలో కాపలా పడుకునే పెద్దాయన ఒకరు ఆ చప్పుడుని ‘నీళ్లందని మోటారు గాలి లాగినట్టుంటాది బాబూ’ అన్నారు. ఆ పనిలో ఉన్నంతసేపూ దానికి చుట్టుపక్కల ధ్యాస ఉండదు. చూపు అంతంత మాత్రం. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా గమనించదు. గమనించాక తప్పించుకునే దారి లేదనిపిస్తే మీద పడుతుంది. చలికాలంలో ఈని, పిల్లల్ని నెలల తరబడి వీపు మీద మోసుకు తిరుగుతుంది. జీడి పిక్కలు రాలేది మార్చి నుంచి మే దాకా. తోటలో మనుషులు ఎక్కువగా తిరిగే రోజుల్లోనే తల్లి ఎలుగు వీపున పిల్లలుంటాయి.

మమ్మల్ని ఎందుకు పిలిచారు

ఏప్రిల్‌లో ఒక నడివయసు రైతు తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక్కరే జీడి తోటకి వెళ్లారు. వంగి పిక్కలు ఏరుతుండగా పడిన మాను అవతల నుంచి ఎలుగు లేచింది. ప్రాణం దక్కింది గానీ ఒక కన్ను పోయింది, దవడ పగిలింది. రెండు రోజుల్లోనే ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లు, బల్లేలు పట్టుకుని మెట్ట చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. అడవి పందుల కోసమని బైండింగ్ వైరు ఉచ్చులు అంతకుముందే ఉన్నాయి, ఇప్పుడు వాటి సంఖ్య పెరిగింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసి ఒకరి ప్రాణం తీసి పలువురిని గాయపరచడం, పట్టుబడ్డ ఎలుగు కూడా బతకకపోవడం ఈ ప్రాంతమంతటికీ తెలిసిన సంగతే. ఆ భయం ఇంకా చల్లారలేదు. అటవీశాఖ సిబ్బంది మాకు కబురు పెట్టి, ఊళ్లో అవగాహన కల్పించమన్నారు.

చేసి విఫలమైనవి

మొదట నాకు అలవాటైనదే చేశాను. బడి పిల్లలతో ర్యాలీ, గోడల మీద ‘ఎలుగును కాపాడుదాం’ అన్న రాతలు, చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు అన్న హెచ్చరిక. ఒక సాయంత్రం తప్పెటగుళ్ల బృందాన్ని తెచ్చి జాంబవంతుడి కథ ఆడించాం.

ఈ దారి ఎందుకు ఎంచుకున్నానో దాచకుండా చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలూ గూడబాతులూ వస్తే ఊరికి శుభమని జనం నమ్ముతారు, తమ చెట్ల మీది గూళ్లను కాపాడుకుంటారు. అలాంటి ఊళ్లలో పాటా, కథా, పిల్లల ర్యాలీ బాగా పనిచేస్తాయి. అదే పద్ధతిని ఆలోచించకుండా ఇక్కడికి మోసుకొచ్చాను. చెట్టు మీది కొంగ ఎవరి కన్నూ తీయదు. ఆ తేడా నేను గమనించి ఉండాల్సింది.

తప్పెటగుళ్లు అయ్యాక జనం బాగుందన్నారు. కంటి దెబ్బ తిన్న రైతు తల్లి మాత్రం నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. ‘జాంబవంతుడు దేవుడే బాబూ. మావోడి మొకం ఎవులిచ్చేత్తారు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఊరు గాయపడి ఉండగా, గాయపరిచిన దాని తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చినవాడిలా కనబడ్డాను. జైలు హెచ్చరిక ఇంకా కీడు చేసింది. ఉచ్చులు తగ్గలేదు, కనబడకుండా పోయాయి. అంతకుముందు ఎలుగు కనిపిస్తే ఫోన్ చేసే ఇద్దరు ముగ్గురు కూడా మానేశారు.

రెండోది, టపాసులతో తోలడం. కుర్రాళ్ల కోపానికి ఏదో ఒక పని చూపించకపోతే గొడ్డళ్లే పట్టుకుంటారని నాకనిపించింది. అందుకే, మనసొప్పకపోయినా, సిబ్బంది వెంట ఉంటే రాత్రి టపాసులు కాల్చి మెట్ట వైపు తోలవచ్చని ఒప్పుకున్నాను. బెదిరిన ఎలుగు మెట్ట ఎక్కలేదు, పక్క పేట మీదుగా పరుగెత్తింది. చప్పుడు విని బయటికొచ్చిన ఒక ముసలావిడ దాన్ని చూసి పారిపోబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎటు పరుగెత్తుతుందో తెలియని జంతువును చీకట్లో మనుషుల మధ్య తోలించిన తప్పు నాది. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ దానికి ఒప్పుకోలేదు.

పట్టి దూరంగా వదిలేయమని పెద్దలు అడిగారు. న్యాయమైన కోరికే. కానీ ఈ ఎలుగుని తీసుకుపోయినా తోటలో పళ్ల కుప్పలు, చెద పట్టిన మానులు అలాగే ఉంటాయి, ఆ జాగాలోకి ఇంకొకటి వస్తుంది. పట్టేటప్పుడు జంతువు ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. ఈ మాట చెబితే వాళ్లు వినలేదు, వినకపోవడంలో నాకు తప్పు కనబడలేదు.

మూడోది నేను ఇప్పటికీ మర్చిపోలేనిది. వానాకాలంలో ఒక ఎలుగు గట్టు లేని నేలబావిలో పడింది. ఉద్దానం తోటల్లో అలాంటి బావులు చాలా ఉన్నాయి, తుప్ప మూసేస్తే పగలే కనబడవు. తెల్లారేసరికి బావి చుట్టూ మూడొందల మంది చేరారు. సెల్‌ఫోన్లు, కేకలు, రాళ్లు. మత్తు సూది వేస్తే నీళ్లలో మునిగిపోతుంది కనుక వేయడానికి లేదు. జనాన్ని వెనక్కి పంపడానికి వచ్చిన సిబ్బంది నలుగురే. అది గోడకి గోళ్లు ఆనించుకుని, జారుతూ, మళ్లీ ఆనించుకుంటూ మధ్యాహ్నం దాకా ఈదింది. తర్వాత ఈదలేదు. పైకి తీశాక చూస్తే పాలిస్తున్న తల్లి. పిల్ల కోసం రెండు రోజులు మెట్ట చుట్టూ వెతికాం. కనబడలేదు.

ముగ్గుపిండి పటం

ఆ వారం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. జీడి పిక్కలు ఏరే ఆడవాళ్లని రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టి, ఊరి తోటలు గీయమన్నాను. ఒకావిడ ముగ్గుపిండితో డొంకదారి గీసింది, ఇంకొకరు బావులకు గింజలు పెట్టారు, మెట్టకి ఒక రాయి. ఎలుగు ఎదురైన ప్రతి చోటా ఒక పిక్క పెట్టమన్నాను. ఏ వేళప్పుడు, ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తున్నారు అని ఒక్కో పిక్క దగ్గరా అడిగాను.

గంటసేపటికి అరుగు మీద ఉన్నది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పిక్కలు ఊరంతా పరచుకోలేదు. మూడు చోట్లే కుప్పపడ్డాయి: డొంక మలుపు దగ్గర మొగలి పొద, తుపానుకు పడిన మానుల తోట, పిక్క తీసేశాక జీడి పళ్లు పారబోసే పల్లం. దాదాపు అన్నీ తెల్లవారకముందో, చీకటి పడ్డాకో. అందరూ ఒంటరిగా, చప్పుడు చేయకుండా, వంగి పనిలో ఉన్నప్పుడే.

నాకు వెంటనే తోచింది: ‘అయితే పొద్దు పొడిచాక వెళ్తే సరిపోతుంది కదమ్మా’ అన్నాను. కన్ను పోయిన రైతు భార్య అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడన్నారు:

‘ఎలుగుంటాదని నాకు తెల్దా బాబూ? ఆయనకి తెల్దేటి? తెలిసే ఎల్లినారు. పొద్దు పొడిసీదాక ఉంటే పిక్కలుంటాయేటి?’

రాత్రి రాలిన పిక్కల్ని తెల్లారేలోగా ఏరుకోకపోతే ఎవరో ఏరుకుపోతారు. అలా ఏరినవి తెల్లవారుజామునే జంక్షన్లో చిల్లరగా కొనేవాళ్లున్నారు. పలాస జీడిపప్పు బజారుకి చేరేలోపు ఎవరి తోటవో ఎవరూ అడగరు. ఒక రోజు పిక్కలు పోతే ఆ ఇంటికి ఒక రోజు కూలి పోయినట్టే. అందుకని ఎలుగు కన్నా ముందు, దొంగ కన్నా ముందు, మూడున్నరకే లేచి వెళ్తున్నారు. ఎలుగు సంగతి ఆ ఊళ్లో అందరికీ నాకన్నా బాగా తెలుసు. ఒక్కడు ఆలస్యంగా వెళ్తే నష్టపోయేది అతనొక్కడే కావడంతో ఎవరూ ఆలస్యంగా వెళ్లలేకపోతున్నారు. నా గోడరాతలు దానికి ఏం చేయగలవు?

కట్టుబాటు

ఇక్కడి ఊళ్లలో కట్టుబాటుకి బలం ఎక్కువ. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే దాటడం కష్టం. అదే ఆధారం చేసుకున్నాం. రామమందిరం మైకు ఆరింటికి మోగేదాకా ఏ తోటలోకీ ఎవరూ దిగకూడదు. దిగితే 500 రూపాయలు అమ్మవారి పండగ చందాకి కట్టాలి. తోట యజమానులూ కౌలు రైతులూ సులువుగానే ఒప్పుకున్నారు, కూలీలు ఎండ గురించి అడిగారు. ఏప్రిల్ ఎండలో ఆరింటికి మొదలుపెడితే పది దాటాక పని చేయలేరు, కూలి తగ్గుతుంది. దీని మీద రెండు రాత్రులు చర్చ నడిచింది. చివరికి సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడకముందు దాకా రెండో విడత ఏరుకోవడానికి, రెండు విడతలూ కలిపి పూర్తి కూలి ఇవ్వడానికి యజమానులు ఒప్పుకున్నారు.

చిల్లరగా కొనేవాళ్లతో మాట్లాడటం నా వల్ల అయ్యేది కాదు. ఊరి పెద్దలే వెళ్లి ఎనిమిది గంటలకు ముందు ఎవరి దగ్గరా పిక్కలు కొనవద్దని చెప్పి వచ్చారు. నా లెక్కలో ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఎలుగుల్ని కాపాడింది ఆ ఒక్క మాటే. మొదటి వారంలోనే జరిమానా ఒక పెద్దాయన సొంత మేనల్లుడికి పడింది, ఆయన దగ్గరుండి కట్టించారు. అక్కడి నుంచి కట్టుబాటు నిలబడింది.

మిగతావి దాని వెనక సులువుగా వచ్చాయి. నలుగురు కలిసి వెళ్లడం, మలుపు దగ్గర గట్టిగా మాట్లాడటం, గంపకి ఆవు మెడ గంట కట్టుకోవడం. గంట ఆలోచన ఆడవాళ్లదే. ఎలుగు ఎదురైతే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి నడవడం, మీద పడితే బోర్లా పడుకుని మెడని చేతులతో కప్పుకోవడం అరుగు మీదే సాధన చేయించాం. పళ్లు పారబోసే చోట గోతులు తవ్వి మట్టి కప్పారు.

ఇక్కడ ఒక పెద్దాయన మంచి మనసుతో, పనస తొనలూ జీడి పళ్లూ మెట్ట కింద పోస్తే ఎలుగులు అక్కడే ఉంటాయి కదా అన్నారు. నేను వద్దన్నాను. మనిషి పోసే తిండికి అలవాటు పడితే మనిషి వాసన వచ్చిన చోటల్లా తిండి వెతుకుతుంది, నాలుగైదు ఒకేచోట చేరి కొట్టుకుంటాయి. దానికి బదులు మెట్ట చుట్టూ రేగు, నేరేడు, ఈత నరకకుండా ఉంచమన్నాను. పుట్టల్ని యంత్రంతో చదును చేయవద్దని అడిగాను. నాగుల చవితికి పాలు పోసే పుట్టలను ఊళ్లో ఎవరూ ముట్టరు. ఈసారి ‘మిగతావీ ఉండనీండి’ అన్న మాట నా నోట రాకముందే ఆడవాళ్లు అన్నారు.

రెండో బావి

మరుసటి ఏడాది వానల్లో ఇంకో ఎలుగు బావిలో పడింది. ఈసారి సాయంత్రం ఏడింటికి ఫోన్ వచ్చింది. ఏడాదిగా ఆగిపోయిన ఫోన్ అది. చేసింది మునుపు గొడ్డలి పట్టుకుని తిరిగిన కుర్రాడే.

సిబ్బంది వచ్చేలోపు ఏం చేయాలో ముందే అనుకుని ఉన్నాం. కుర్రాళ్లే తాడు కట్టి జనాన్ని డొంక అవతలికి పంపారు. తోట ఇళ్లలో లైట్లు ఆపించారు. రెండు సరుగుడు వాసాలకి అడ్డంగా కర్రలు కట్టిన నిచ్చెన ఉంది. సిబ్బంది వచ్చాక దాన్ని తాళ్లతో మెల్లగా దించి, పైకొస ఒడ్డు మీదికి మూరెడు ఉండేలా ఆనించారు. ఎక్కేటప్పుడు దానికి కావాల్సింది చీకటి, నిశ్శబ్దం, ఎదురుగా మనిషి లేని దారి. అందుకే మెట్ట వైపు మొత్తం ఖాళీ చేసి అందరం ఇవతలికి వచ్చేశాం. చూడాలని ఎంత ఉన్నా చూడకూడదు. ఆడ ఎలుగైనా యాభై కిలోలకు పైనే ఉంటుంది, కట్లు ఆగుతాయా అన్నదే నా భయం.

నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. ఆగింది. మళ్లీ వినబడింది. మూడు గంటల ప్రాంతంలో కర్ర కిర్రుమంది, తర్వాత తుప్పల్లో ఆకుల చప్పుడు. తెల్లారాక వెళ్లి చూస్తే సరుగుడు బెరడు మీద పొడవాటి గోళ్ల గీతలు, లోపలి తెల్లటి చెక్క కనిపించేంత లోతుగా. పై మెట్టు మీద నల్లటి వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. ఆ కుర్రాడు వాటిని తీసి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

నేను మార్చుకున్నది, ఇంకా తెగనిది

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా మొదటి నెల ఒక్క పోస్టరూ అంటించను. ఎవరికి ఏం తెలియదు అని అడగను. తెలిసి కూడా ఎందుకు చేయలేకపోతున్నారు, చేస్తే ఎవరికి ఎంత నష్టం అని అడుగుతాను. దెబ్బ తిన్న కుటుంబం పరిహారం కాగితాలు ముందు కదలాలి. ఈ కేసులో అవి ఆలస్యంగా పట్టించుకున్నాను, ఆ తల్లి అడిగిన ప్రశ్నకి అదైనా కొంత జవాబు అయ్యేది. చట్టం మాట సిబ్బందికి వదిలేస్తాను. అది అవసరమే, కానీ జనం చెప్పేది వినాల్సిన మనిషి నోటే జైలు మాట వస్తే వాళ్లు నోరు మూసుకుంటారు.

ఉచ్చుల సమస్య తీరలేదు. పందులు చేలు తవ్వేస్తుంటే రైతు ఊరుకోలేడు. బైండింగ్ వైరుకి పందో ఎలుగో తెలియదు. ఆడవాళ్లు తోటల్లో దొరికినవి ఊడదీసి తెచ్చి ఇస్తున్నారు, పెట్టినవాళ్ల పేర్లు చెప్పరు, నేను అడగను. ఉత్తరం మెట్ట మీద క్వారీ నడుస్తూనే ఉంది, దాని ముందు మా కట్టుబాటుకి బలం లేదు. కన్ను పోయిన రైతు ఒక్క సమావేశానికీ రాలేదు. ‘దాని ఊసు నా ముందు ఎత్తకండి’ అన్నారు. ఎత్తలేదు. అలా అనే హక్కు ఆయనకుంది.

ఊరి నేలబావుల్లో సగానికి పైగా గట్లు లేచాయి. మిగిలిన వాటిలో నిచ్చెనలు దించి ఉంచాం. వానలు పడేలోగా అవన్నీ మార్చాలి. ఏడాదంతా నీళ్లలో నానిన సరుగుడు కర్ర ఎలుగు బరువుకి ఆగదు.